పునీతురాలి తలమీద చుట్టకుదురు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, రైల్వే స్టేషన్ దగ్గర ఒక చిన్న కతోలిక ముద్రణాలయం ఉండేది. అందులో కూర్చుని, నాలుగైదు వందల ఏళ్ల కిందట ఇటలీలో బతికిన పునీతుల జీవితాలు తెలుగులో రాసేదాన్ని. 1920లు దాదాపు మొత్తం నాకు ఆ పనిలోనే గడిచాయి. అవి ఎవరి కోసం అంటే రేవు కళాసీల కోసం, రిక్షా లాగేవాళ్ల కోసం, బియ్యం మిల్లుల్లో గంపలు మోసే ఆడవాళ్ల కోసం. వాళ్లలో చాలామందికి అక్షరాలు రావు. ఒకరు చదివితే చుట్టూ కూర్చుని వినేవాళ్లు.

ఇప్పుడు ఆ పనిలోకి కొత్తగా ఇద్దరు అమ్మాయిలు చేరారని తెలిసింది. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, నాకు కిటికీ పక్కన బల్ల ఎప్పుడు ఇచ్చారు వగైరాలు ఇందులో ఉండవు. పని ఎలాంటిదో చెబుతాను. ఆ పని నేను బాగా చేశాను. అణకువ పునీతులకు అందం. వాళ్ల గురించి రాసేదానికి అది అంత అవసరం లేదని నా అభిప్రాయం.

నన్ను పనిలో పెట్టుకున్న మనిషి

నేను విశాఖపట్నంలో ఫ్రెంచి మఠకన్యల దగ్గర పెరిగిన అనాథను. ప్రార్థనల్లోంచి కొంత లాటిను, వాళ్ల తిట్లలోంచి చాలా ఫ్రెంచి వంటబట్టాయి. తెలుగు పిల్లలకు చదువు చెప్పడానికి వాళ్లే నన్ను ఓడెక్కించి రంగూన్ తెచ్చారు. అక్కడ బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఉంటే ఒకరోజు ఫాదర్ ఆన్సెల్మో వచ్చారు. ముద్రణాలయం ఆయన చేతిలో ఉండేది. తెలుగు బాగా వచ్చి, తనంటే భయం లేని మనిషి కావాలని అడిగారట. బడి నడిపే మదర్ ఆలోచించకుండా నన్ను చూపించింది.

ఆయన ఇటలీ దేశస్థుడు. మనిషి తాడిచెట్టంత, గడ్డం బొడ్డుదాకా. తెలుగు ఏవో పాత వ్యాకరణాల్లోంచి నేర్చుకోవడంతో చేపల బజారుకు వెళ్లినా గ్రంథం విప్పినట్టే మాట్లాడేవారు. కళాసీలు ఆయన్ని ప్రేమగా 'పురాణం సాములోరు' అనేవాళ్లు. పని విషయంలో మాత్రం రాక్షసుడు. పెద్ద లాటిను సంపుటం ముందు పెట్టుకుని సగం ఇంగ్లీషులో, సగం తన తెలుగులో అర్థం చెప్పేవారు. నేను రాసేదాన్ని. రాసింది చదివించుకుని, ఒక్క మాట తూకం తప్పినా మళ్లీ మొదటికి తెచ్చేవారు. మొదట్లో ఏడ్చాను. తర్వాత ఆయనకే తప్పులు పట్టడం మొదలుపెట్టాను. అప్పటినుంచి మాకు బాగా కుదిరింది.

ఆ కాలపు పండితుల గురించి

ఈ పనిలో మీకు ఎక్కువగా ఎదురయ్యేది వాళ్లే కనుక కాస్త వివరంగా చెబుతాను. ఐరోపాలో పాత గ్రీకు, లాటిను చదువులు మళ్లీ చిగురించిన కాలం అది. రాజుల కొలువుల్లో పండితులు చేరారు. అంతకుముందు సన్యాసులు రాసిపెట్టిన పునీతుల కథలు వాళ్ల కళ్లకు మరీ మోటుగా కనిపించాయి. అందుకని అన్నిటినీ తిరగరాశారు. పునీతులకు తలంటిపోసి, పట్టుబట్టలు కట్టి, నోట్లో చక్కటి మాటలు పెట్టారు.

వాళ్లు చేసిన మేలు కూడా ఉంది. ఒకే అద్భుతాన్ని పదిమంది పునీతులకు అంటగట్టిన చోట నిలదీసి తీసిపారేశారు. ఆ మేరకు వాళ్లకు దండం పెడతాను. కానీ ఆ తలంటులో మురికితోపాటు మనుషులు కూడా కొట్టుకుపోయారు. పునీతుడికి వండిపెట్టిన ముసలమ్మ, అప్పు అడగడానికి వచ్చి కాళ్లమీద పడిన పొరుగువాడు, గాడిదలు తోలేవాడు, వీళ్లెవరూ మిగల్లేదు. పండితుడికి పోషకుడు దొర. దొరకు గాడిదలు తోలేవాడితో పనేముంది?

అయితే ఒక అదృష్టం ఉంది. ఒక ఊరివాళ్లు తమ మనిషిని పునీతురాలిగా ఒప్పుకోమని అడిగితే చర్చి గురువులు వచ్చి విచారణ జరిపేవారు. ఆమెను ఎరిగినవాళ్లు ఒట్టు వేసి సాక్ష్యం చెప్పేవాళ్లు, లేఖకుడు రాసుకునేవాడు. ఆ సాక్ష్యాలను పాత సంపుటాల్లో వెనకవైపు చిన్న అక్షరాల్లో వేస్తారు. చూడగానే కళ్లు లాగుతాయి. అయినా ముందు అవే చదవండి. అందంగా రాసింది తర్వాత చదువుకోవచ్చు.

ఊ కొట్టే మనిషి

మనవాళ్లలో ఎవరైనా ఊ కొట్టకపోతే కథ ముందుకు కదలదు. నా రాతను సరిచూసుకోవడానికి ఇంతకు మించిన పద్ధతి నాకు దొరకలేదు. ఆదివారం పూజ కాగానే సంపాన్ పడవ ఎక్కి ఏరు దాటి, అవతలి ఒడ్డున ఉన్న దలా వెళ్లేదాన్ని. అక్కడ బియ్యం మిల్లుల వెనక మన కూలీల బారక్‌లు, వాటి మధ్య రేకుల కప్పు వేసిన చిన్న కతోలిక గుడి ఉండేవి. గుడి చూరు కింద కూర్చుని ఆ వారం రాసింది చదివేదాన్ని. ఊ కొట్టేది నీలమ్మ.

నీలమ్మ శ్రీకాకుళం వైపు మనిషి. మిల్లులో గంపలు మోసే ఆడవాళ్ల ముఠాకు పెద్ద. మొగుడు పోయాడు. పెళ్లీడుకు వచ్చిన ఒక్కగానొక్క కూతురు సరోజిని. నీలమ్మకు నా వయసే ఉంటుంది గానీ నాకంటే పదేళ్లు పెద్దదానిలా నన్ను ఆడించేది. ఆవిడ ఊ ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకునేదాన్ని. ఒక్కోసారి నా మీద జాలిపడి, కథ బాగులేకపోయినా ఊ కొట్టేది. అది నీరసంగా ఉండేది కాబట్టి తెలిసిపోయేది. ఫాదర్ ఎంత మెచ్చుకున్నా నీలమ్మ ఊ పడని వాక్యాన్ని నేను అచ్చుకు పంపలేదు. ఈ విషయంలో నన్ను మొండిదన్నారు. అననివ్వండి.

ఫియోర కథ

ఇక నేను చెప్పదలుచుకున్న అసలు సంగతికి వస్తాను. పునీత ఫియోర ఇటలీలో ఒక చిన్న రేవు పట్టణానికి చెందినది. గొప్పింటి బిడ్డ. ఊళ్లో మహమ్మారి వచ్చినప్పుడు అయినవాళ్లంతా పారిపోతే తను ఉండిపోయింది. ఇల్లంతా రోగులకు విడిచిపెట్టింది. చివరికి ఆ జబ్బుతోనే పోయింది.

ఆమె పోయిన చాలా ఏళ్లకు ఒక కొలువు పండితుడు ఆమె చరిత్ర రాశాడు. ఫాదర్ ఆన్సెల్మోకు ఆ లాటిను అంటే ప్రాణం. కొందరు పాట విన్నట్టు ఆయన దాన్ని కళ్లు మూసుకుని చదివేవారు. అందులో రోగులకు నీళ్లు ఎలా వచ్చాయంటే, ఫియోర ఆజ్ఞాపించగా సేవకులు తెచ్చారు. అదే సంపుటం వెనక సాక్ష్యాల్లో ఒక చాకలామె ఇంకోలా చెప్పింది. సేవకులు అప్పటికే పారిపోయారు. ఫియోర తన పట్టు ముసుగును మెలితిప్పి తలమీద పెట్టుకుని, కుండతో తనే నీళ్లు మోసింది. ఆ కుదురు చుట్టడం నేర్పింది ఈ చాకలామె. మొదట్లో ఎన్నో కుండలు పగలగొట్టిందట.

ఇది కూడా వేద్దామని నేను అడిగాను. ఫాదర్ వద్దన్నారు. పండితుడు వదిలేసిన దాన్ని మనం తగిలించడం సభ్యత కాదన్నారు. అప్పటికి ఆ మాటకు తలొంచి, పండితుడి ప్రకారమే రాశాను. ప్రతి మాటకీ పోట్లాడితే ఏ ఉద్యోగమూ సాగదు.

పుస్తకానికి బొమ్మ చెక్కింది ఊ థా అనే బర్మా ముసలాయన. టేకు మీద చెయ్యి తిరిగిన మనిషి. పునీతుల తల వెనక ఉండే వెలుగు వలయాన్ని ఆయన అంతకుముందు చెక్కలేదు. ఫాదర్ ఇచ్చిన నమూనాలో గుండ్రంగా ఏదో ఉందని చూసి, దాన్ని మెలికలు తిరిగిన మందపాటి చుట్టలా చెక్కి, సరిగ్గా తలమీద కూర్చోబెట్టాడు. పుస్తకం ఇంకా ప్రూఫుల్లో ఉండగానే ఆ బొమ్మను విడి కాగితాల మీద అచ్చేసి దలా గుడిలో పంచారు. ఆ ఏడు గుడి పండగలో ఊరేగించడానికి ఆయన చేతే ఫియోర స్వరూపాన్ని కూడా టేకుతో చెక్కించారు.

గంపలు మోసే ఆడవాళ్లు ఆ బొమ్మ చూశారు. వాళ్ల కంటికి అది చుట్టకుదురు. బరువు ఎత్తేముందు తలమీద పెట్టుకునే గుడ్డచుట్ట, రోజూ వాళ్ల నెత్తిన ఉండేదే. ఈ తల్లి మన ముఠా మనిషే అనుకున్నారు. ఫియోర అంటే ఇటలీ భాషలో పువ్వని ఫాదర్ చెప్పి ఉన్నారు కాబట్టి పూలమ్మ అని పేరు కూడా పెట్టేసుకున్నారు. మిల్లు గోడలకు, బారక్ తలుపులకు ఆ కాగితాలు అంటించారు. అచ్చైన ఏ పునీతుడికీ రంగూన్‌లో అంత మర్యాద జరగడం నేను చూడలేదు.

మొక్కు

ఆ రోజుల్లోనే సరోజినికి జ్వరం తగిలింది. మనిషి దక్కదనుకున్నారు. నీలమ్మ ఆ కాగితం ముందు కూర్చుని, పిల్ల బతికితే పండగనాడు పూలమ్మ స్వరూపాన్ని తన నెత్తిమీద ఎత్తుకుని గుడినుంచి రేవుదాకా మోస్తానని మొక్కుకుంది. పిల్ల బతికింది. పండగైన మర్నాడే తల్లీకూతుళ్లు ఓడెక్కి ఊరికి వెళ్లిపోవాలి. సరోజినికి అక్కడ సంబంధం కుదిరింది. అంటే మొక్కు తీర్చుకోవడానికి ఈ ఒక్క పండగే ఉంది.

ఏ పునీతుల స్వరూపాన్నైనా ఏటా పండగకు మగవాళ్లే పల్లకీలో భుజాల మీద మోసేవాళ్లు. పల్లకీ ముందు బొంగు పట్టే హక్కు జోజి మేస్త్రీది. కూలీలను ఊళ్లనుంచి పోగుచేసి తెచ్చేది ఆయనే కాబట్టి గుడిలోనూ ఆయన మాటే చెల్లేది. గంపలెత్తే ఆడది పునీతురాలిని నెత్తికెత్తుకోవడమేమిటని ఆయన ఏరు దాటి వచ్చి ఫాదర్‌తో మొరపెట్టుకున్నాడు. పునీతురాలిని కూలిమనిషని చెప్పుకుంటున్నారనీ ఫిర్యాదు చేశాడు. ఫాదర్ హడలిపోయారు. ఫియోర గొప్ప వంశస్థురాలనీ, తలమీద ఉన్నది పరలోకపు వెలుగనీ పుస్తకంలో స్పష్టంగా రాయమని నాకు చెప్పారు. పుస్తకంలో ఏముంటే దాని ప్రకారమే పండగ జరుగుతుందన్నారు. ఈ సంగతి నీలమ్మకు చెప్పి రావడం కూడా నాకే అప్పగించారు.

వెళ్లాను. చూరు కింద కూర్చోబెట్టి, అది కుదురు కాదు, వెలుగు అని చెప్పాను.

"ఎలుగా?" అంది నీలమ్మ. "మరంత మందంగా ఏసినాడేటి?"

చెక్కినాయనకు తెలియక అలా చేశాడన్నాను. ఆవిడ కాగితం మీది చుట్టను వేలితో తడిమి చూసింది.

"పోనీ, ఎలుగే అనుకుందాం. అయితే ఆ తల్లి ఎప్పుడూ ఏటీ మొయ్యనేదా టీచరమ్మా?"

అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. "మోసింది," అన్నాను. "సేవకులు పారిపోతే నీళ్లు మోసింది. కుదురు చుట్టడం ఒక చాకలామె నేర్పింది."

"మరది నువ్వు సదివినప్పుడు నాను యిన్నేదే?"

"పుస్తకంలో లేదు."

"ఎందుకు నేదు?"

ఆ మాట దాటేశాను. మొక్కు తీరకపోతే ఏమవుతుందని అడిగాను. పునీతులు పగపట్టరు, భయపడొద్దని కూడా చెప్పాను.

"ఆయమ్మేటీ సెయ్యదు. నాకు తెల్దా?" అంది. "నా కూతురు గుంటని అడిగి తీసుకున్నాను టీచరమ్మా. మాటిచ్చినాను. మోయకుండా ఓడెక్కితే ఆ గుంట మొకం నానెలగ సూడను?"

తిరిగొచ్చేటప్పుడు సంపాన్‌లో నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో చెప్పమంటే, ఎప్పుడో చచ్చిపోయిన ఆ కొలువు పండితుడి మీద.

చాకలామె మాట

మర్నాడు ప్రూఫులు ఫాదర్ బల్లమీద పెట్టి, చాకలామె సాక్ష్యం చేర్చకపోతే నేను ఈ పుస్తకం పూర్తిచేయనని చెప్పాను. ఆయన అద్దాల పైనుంచి చూశారు.

"రోసమ్మా, ఒక రజకస్త్రీ పలుకు పట్టుకొని మహాపండితుని త్రోసిపుచ్చుదుమా?"

"పండితుడు కలం పట్టేసరికి ఫియోర పోయి ఎన్నో ఏళ్లయింది స్వామీ. చాకలామె ఆమె వెనకాలే కుండ పట్టుకుని నడిచింది," అన్నాను. ఆ సాక్ష్యాన్ని ఒక్కసారి నాకు పైకి చదివి వినిపించమని అడిగాను. అప్పటిదాకా ఆయన దాని సారాంశమే చెప్పారు తప్ప పైకి చదవలేదు.

ఆయన విసుక్కుంటూనే పేజీ తిప్పారు. మొదటి వాక్యాలు లాటినులో ఉన్నాయి. చాకలామె జోరుగా మాట్లాడిందో ఏమో, లేఖకుడు లాటినులోకి మార్చలేక మధ్యలో చేతులెత్తేసి, ఆమె మాటను ఆమె యాసలోనే రాసుకుంటూ పోయాడు. ఫాదర్ అక్కడికి వచ్చేసరికి గొంతు మారిపోయింది. గ్రంథం చదివే గొంతు పోయి, ఏదో పెరట్లో నిలబడి పక్కింటివాళ్లతో మాట్లాడే గొంతు వచ్చింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కుండలు పగిలిన చోట కాబోలు, ఆయన నవ్వారు కూడా. ఆ తర్వాత చదవడం ఆపేశారు.

"ఇది మా ప్రాంతపు భాష," అన్నారు. "మా అమ్మ ఇట్లే మాటలాడెడిది."

దేశం విడిచి వచ్చాక ఆ మాట ఆయన చెవిన పడి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియాలి. అద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను కిటికీలోంచి వీధి వైపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆయన ప్రూఫులు నా వైపు జరిపి, చాకలామె చెప్పినదంతా చేర్చమన్నారు. గొప్పింటి బిడ్డ అన్నదీ ఉండాలి, నీళ్లు మోసిందన్నదీ ఉండాలి. రెండూ నిజమే కదా. నీలమ్మ సంగతేమిటని అడిగాను. గ్రంథంలో ఉన్నాక అడ్డు చెప్పడానికి తానెవరన్నారు.

నా పైఅధికారుల్లో తెలివైనవాళ్లను చాలామందిని చూశాను. తనకు ఇష్టమైన పుస్తకం తప్పని ఒప్పుకున్నవాడు ఆయనొక్కడే.

రేవుదాకా

పండగనాటికి వానలు ఆగాయి గానీ దలా దారంతా ఇంకా బురదే. స్వరూపం టేకుది, నిండు గంప కంటే ఎక్కువ బరువు. ఇద్దరు మగవాళ్లు ఎత్తి నీలమ్మ తలమీద పెట్టారు. ఆ ఇద్దరిలో జోజి మేస్త్రీ ఒకడు. ముందు సిలువ పట్టుకుని నడిచే గౌరవం దక్కడంతో ఆయన అలక తీరింది. వెనక ముఠా ఆడవాళ్లంతా పాడుతూ నడిచారు. సరోజిని తల్లి పక్కనే నడిచింది. దారి మధ్యలో నీలమ్మ ఆగింది. మెడ నరాలు ఉబ్బాయి. మేస్త్రీ చెయ్యి వేయబోతే కళ్లతోనే వద్దంది. మళ్లీ నడిచింది. రేవుకు చేరి దింపేదాకా ఎవరినీ తాకనివ్వలేదు. నేను ఏడ్చాను. ఫాదర్ ఏడవలేదని అంటారు గానీ నేను చూశాను.

అద్భుతం ఆ సాయంత్రమే పుట్టింది. నన్ను ఏరు దాటించిన సంపాన్ మనిషే నాకు మొదట చెప్పాడు. నీలమ్మ తలమీద పెట్టగానే టేకు బొమ్మ పువ్వులా తేలికైపోయిందట. ముద్రణాలయానికి వచ్చేసరికి అక్షరాలు కూర్చేవాళ్లు కూడా అదే చెప్పుకుంటున్నారు. స్వయంగా బొమ్మను ఎత్తిన మేస్త్రీ సాక్ష్యమట. శతాబ్దాల కిందట ఇలాంటివి ఎలా మొదలయ్యాయో చదివి తెలుసుకున్నదాన్ని, ఒకటి నా కళ్లముందే మొదలైంది. ఎవరూ అబద్ధమాడలేదు. అందరికీ సంతోషంగా ఉంది, అంతే.

ఫాదర్‌కూ సంతోషంగానే ఉంది. పుస్తకం చివర చేర్చాలని ఆయన మనసు లాగింది. ఒక్క క్షణం నా మనసూ లాగింది. అయినా, మోసిన మనిషిని విచారించి రమ్మని ఆయనే నన్ను పంపారు.

తెల్లారి వెళ్లేసరికి నీలమ్మ ఓడకు మూటలు కడుతోంది. చుట్టూ ముఠా ఆడవాళ్లు, గుమ్మంలో జోజి మేస్త్రీ. నేను అడిగాను. అందరూ ఆవిడ నోటి వైపే చూశారు. నీలమ్మ మెడ తడుముకుంది.

"తేలికేటి టీచరమ్మా? సచ్చేంత బరువు. మెడ ఇరిగిపోద్దనుకున్నాను. దారిలో దించీమని మనసు పీకినాది కూడా."

మేస్త్రీ ఏదో అనబోయాడు. ఆవిడ వినిపించుకోలేదు.

"తేలికైపోతే నా మొక్కు తీరినట్టెలగవుద్ది? నానే మోసినాను. అలగే రాసుకో."

సరోజిని వచ్చి తల్లి మెడకు నూనె రాయడం మొదలుపెట్టింది. నేను అక్కడే గుమ్మంలో కూర్చుని, ఆవిడ అన్న మాటలు అన్నట్టే కాగితం మీద పెట్టుకున్నాను. ఫాదర్ వాటిని రెండుసార్లు చదివించుకుని, ఒక్క అక్షరం దిద్దవద్దన్నారు. ఫియోర చరిత్రలో ఆఖరి పేజీ అదే. మా ముద్రణాలయం ఎన్ని పుస్తకాలు వేసినా, గంపలు మోసే మనిషి మాట ఆమె నోట వచ్చినట్టే అచ్చైంది అందులోనే. నా ఉద్యోగం మొత్తం మీద నాకు అన్నిటికంటే గర్వంగా ఉన్న పేజీ అదే, అందులో నేను రాసింది ఒక్క ముక్క లేకపోయినా.